పేలని తుపాకి: ‘కమ్ అండ్ సీ’ యుద్ధాన్ని ఊరి వైపు నుంచి చూపిన తీరు

రెండో ప్రపంచ యుద్ధం మీద తీసిన సోవియట్ సినిమా ‘కమ్ అండ్ సీ’ మొదలైన కొద్దిసేపటికే ఫ్ల్యోరా అనే కుర్రాడు ఇసకలో కూరుకుపోయిన రైఫిల్ ఒకటి ఒళ్లంతా బిగబట్టి పైకి లాగుతాడు. ఆయుధం ఉంటేనే జర్మన్లతో పోరాడే గెరిల్లా దళంలో చోటు. అక్కడి నుంచి రెండు గంటల పాటు ఆ తుపాకి వాడి భుజానో, పక్కనో, గడ్డిలోనో ఉంటుంది. ఒక్క జర్మన్ సైనికుడి మీద కూడా పేలదు. చివర్లో మాత్రం పేలుతుంది, అదీ బురదగుంటలో పడి ఉన్న హిట్లర్ పటం మీద. కథానాయకుడి చేతికి ఆయుధం ఇచ్చి దాన్ని అంతసేపు పేలనివ్వకపోవడం దర్శకుడు ఎలెమ్ క్లీమోవ్ తీసుకున్న అన్నిటికంటే పెద్ద నిర్ణయం. కెమెరా నడక, చెవిలో హోరు, ముఖాల మీద ఆగిపోయే షాట్లు, అన్నీ దానికి లోబడే నడుస్తాయి.

మనం చూసే యుద్ధ సినిమాల్లో చాలావాటిలో ప్రేక్షకుడు సైనికుడి వెనక నిలబడతాడు. సైనికుడు ఓడినా గెలిచినా ఏదో ఒకటి చేయగలడు: గురి చూస్తాడు, పరిగెత్తుతాడు, తోటివాణ్ణి మోస్తాడు. ఊరి జనం అక్కడక్కడా కనిపించి, చచ్చిపోయి, కథానాయకుడికి పగ తీర్చుకునే కారణం ఇచ్చి వెళ్లిపోతారు. జర్మన్ల ఆక్రమణలో ఉన్న బెలారస్‌లో 1941 నుంచి 1944 దాకా ఊళ్లు చూసిన యుద్ధం అలాంటిది కాదు. అక్కడ జనానికి యుద్ధం అంటే వరసగా వచ్చే ఆజ్ఞలు. బయటికి రండి, నిలబడండి, కాగితాలు చూపించండి, పిల్లల్ని తీసుకురండి, లోపలికి నడవండి. ఆ వరసను ఉన్నది ఉన్నట్టు, అది జరిగే వేగంతోనే చూపించిన సినిమా ఇది. ఇన్నేళ్లయినా దీని ముందు మిగతావి తేలిపోవడానికి కారణం ఇందులోని రక్తపాతం కాదు. నిజానికి తెర మీద కనిపించే రక్తం తక్కువే.

సినిమా 1985లో వచ్చింది. నిడివి 142 నిమిషాలు. మోస్‌ఫిల్మ్, బెలారస్‌ఫిల్మ్ సంస్థలు కలిసి తీశాయి. స్క్రీన్‌ప్లే క్లీమోవ్, బెలారస్ రచయిత అలేస్ అదమోవిచ్ కలిసి రాశారు. అదమోవిచ్ 1927లో పుట్టాడు, కుర్రతనంలోనే గెరిల్లా దళంలో పనిచేశాడు. 1970ల్లో యాంకా బ్రిల్, ఉలద్జిమిర్ కలేస్నిక్ అనే మరో ఇద్దరు రచయితలతో కలిసి బెలారస్ పల్లెలు తిరిగి, కాలిన ఊళ్ల నుంచి బతికి బయటపడ్డ వందలమంది మాటల్ని టేప్ రికార్డర్‌లో ఎక్కించాడు. ఆ వాంగ్మూలాలు పుస్తకంగా వచ్చాయి. తర్వాతి రోజుల్లో నోబెల్ పొందిన స్వెత్లానా అలెక్సియేవిచ్ తన గురువుగా చెప్పుకునేది ఈ అదమోవిచ్‌నే. సినిమాలో ఊరి జనాన్ని కొట్టంలో పెట్టి తగలబెట్టే దృశ్యానికి పునాది ఆ టేపులు. క్లీమోవ్ సంగతీ తక్కువేం కాదు. 1933లో స్టాలిన్‌గ్రాడ్‌లో పుట్టాడు. యుద్ధంలో ఆ నగరం తగలబడుతుంటే తల్లితో, పసివాడైన తమ్ముడితో కలిసి వోల్గా నది దాటి బయటపడ్డాడు.

తుపాకి నుంచి కొట్టం దాకా

ఈ సినిమాకు కథ లేదనీ, దృశ్యాలు ఒకదాని తర్వాత ఒకటి వచ్చి పడతాయనీ కొందరు అంటారు. శ్రద్ధగా చూస్తే ఇంత బిగువైన కార్యకారణాల గొలుసు ఉన్న యుద్ధ సినిమాలు కొద్దే.

ఆయుధాల కోసం ఇసక తవ్వొద్దని ఊరిపెద్ద మొదటి సన్నివేశంలోనే హెచ్చరిస్తాడు. ఆకాశంలో జర్మన్ నిఘా విమానం, ఫాకె-వుల్ఫ్ 189, తిరుగుతూ ఉంటుంది. రెండు తోకలు, గాజు ముక్కు ఉన్న ఈ విమానం బాంబుల కోసం వచ్చేది కాదు, చూసి వెళ్లడానికి వచ్చేది. అది వచ్చి వెళ్లిన చోటికి తర్వాత మిగతావి వస్తాయి. సినిమా పొడుగునా దాని మోత వినిపించిన ప్రతిసారీ ఆ వెనకే ఏదో ఒకటి జరుగుతుంది. కొద్దిసేపటికి ప్రేక్షకుడి చెవి కూడా ఊరి జనం చెవిలాగే తయారవుతుంది: మోత వినగానే ఒళ్లు ముడుచుకుంటుంది.

ఫ్ల్యోరాను తీసుకెళ్లడానికి దళం మనుషులు ఇంటికి వస్తారు. తల్లి ఏడుస్తుంది, కొడుకు చేతికి గొడ్డలి ఇచ్చి ముందు మమ్మల్ని చంపి తర్వాత వెళ్లమంటుంది. ఇంట్లో ఇద్దరు కవల ఆడపిల్లలు. వాడు నవ్వుతూనే వెళ్తాడు. దళంలో వాడికి యుద్ధం దొరకదు. కమాండర్ కొసాచ్ వాణ్ణి శిబిరంలోనే వదిలేసి, వాడి మంచి బూట్లు విప్పించి, చిరిగిన బూట్లున్న పెద్దవాడికి ఇప్పిస్తాడు. దళం కోణం నుంచి అది సరైన లెక్కే. నడిచి పోరాడేవాడికి బూట్లు కావాలి, కావలి ఉండేవాడికి అక్కర్లేదు. కుర్రాడి కోణం నుంచి అది అవమానం. అడవిలో ఏడుస్తూ ఉండగా గ్లాషా అనే అమ్మాయి కలుస్తుంది, ఆమె కూడా అక్కడ వదిలేసిన మనిషే. శిబిరం మీద బాంబులు పడతాయి, ఫ్ల్యోరా చెవులు మూసుకుపోతాయి.

ఇద్దరూ వాడి ఊరికి వెళ్తారు. ఇంట్లో ఎవరూ ఉండరు. పొయ్యి మీద సూప్ ఇంకా గోరువెచ్చగానే ఉంటుంది. నేల మీద బొమ్మలు వరసగా పడుకోబెట్టి ఉంటాయి. ఈగల రొద. వాడు గిన్నెలో సూప్ పోసుకుని తింటాడు. ఎక్కడో దాక్కుని ఉంటారని నమ్మి బయటికి పరిగెత్తుతాడు. వెనకే పరిగెడుతున్న గ్లాషా ఒక్కసారి తల తిప్పి చూస్తుంది. ఇంటి వెనక గోడను ఆనుకుని శవాల గుట్ట. ఆ షాట్ మూడు నాలుగు సెకన్లు మించదు, కెమెరా అక్కడ ఆగదు, దగ్గరికి వెళ్లదు. ఆమె చూసింది, మనం చూశాం, వాడు చూడలేదు. వాడికి చెప్పాలా వద్దా అన్న బరువుతో ఆ తర్వాతి ఊబి దృశ్యమంతా నడుస్తుంది. నిమిషాల తరబడి ఇద్దరూ మెడదాకా బురదలో ఈదుతూ ఉంటే, అది ప్రయాణమో మునకో తెలియకుండా పోతుంది.

ఊబి అవతలి దిబ్బ మీద తప్పించుకున్న జనం ఉంటారు. వాళ్ల మధ్య ఒళ్లంతా కాలిపోయి, చావుకు దగ్గరైన ఊరిపెద్ద. తవ్వొద్దని చెప్పాను కదా అంటాడు. చంపేయండి అని వేడుకుంటే జర్మన్లు నవ్వారని చెప్తాడు. వాడు దళంలోకి వెళ్లడానికీ, కుటుంబం పోవడానికీ మధ్య ఉన్న దారి ఆ క్షణంలో వాడికి తెలుస్తుంది. నేరం వాడిది కాదు, చంపినవాళ్లది. కానీ ఆ వయసు పిల్లవాడికి ఆ తేడా ఎవరు చెప్తారు? వాడు తల తీసుకెళ్లి ఊబిలో దూరుస్తాడు.

చరిత్రలో అతి చేదైన భాగం ఇదే. దళం దెబ్బ కొడుతుంది, వెనక్కి అడవిలోకి వెళ్తుంది. శిక్ష పడేది దగ్గర్లోని ఊరికి. 1943 మార్చి 22న ఖాతిన్ అనే బెలారస్ ఊళ్లో జరిగింది అచ్చం అదే. ఊరికి దగ్గర రోడ్డు మీద గెరిల్లాల మాటు కాల్పుల్లో జర్మన్ పోలీసు కెప్టెన్ హన్స్ వోల్కె చచ్చాడు. 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో షాట్‌పుట్ స్వర్ణం గెలిచినవాడు. అదే రోజు ఖాతిన్ జనాన్ని కొట్టంలోకి తోలి నిప్పంటించారు. 149 మంది, వాళ్లలో 75 మంది పిల్లలు.

దిబ్బ మీది జనానికి తిండి కావాలి. ఆహారం కోసం ఫ్ల్యోరాతో కలిపి నలుగురు బయల్దేరతారు. ఇద్దరు మందుపాతర పేలి పోతారు. మిగిలిన రుబేజ్, ఫ్ల్యోరా రాత్రిపూట ఒక ఆవును తోలుకొస్తారు. ఇక్కడ క్లీమోవ్ యుద్ధపు తిండి లెక్కను ఏ ఉపన్యాసమూ లేకుండా చూపించాడు. పల్లెలో ఆవు అంటే ఒక ఇంటికి శీతాకాలం గడిచే దారి. జర్మన్లు తమ వాటా కింద తోలుకెళ్లేది ఆ ఆవునే, దళం వాళ్లు ఆకలితో వచ్చి అడిగేదీ ఆ ఆవునే. ఇద్దరి మధ్య ఊరివాడికి మిగిలేది పలుపుతాడు. సంధ్య వేళ విశాలమైన పొలం మధ్య ఉండగా మెషిన్‌గన్ మొదలవుతుంది. ట్రేసర్ తూటాలు మెరిసే గీతల్లా నేల మీదుగా దూసుకొస్తాయి. రుబేజ్ పోతాడు, ఆవు పోతుంది. దాని కంటి గుడ్డు తిరిగే షాట్ దగ్గరగా, పూర్తిగా చూపిస్తాడు. ఫ్ల్యోరా ఆ కళేబరాన్నే అడ్డుగా పెట్టుకుని రాత్రంతా పడుకుంటాడు.

తెల్లారాక దట్టమైన పొగమంచు. మాంసం మోయడానికి బండి కావాలి. గుర్రంబండితో వచ్చిన ఒక రైతు మీద ఫ్ల్యోరా తుపాకి ఎక్కుపెడతాడు. ఆలోచించి చూస్తే, సినిమా మొత్తంలో వాడు ఆ తుపాకితో ఒక మనిషిని బెదిరించేది ఇక్కడే, అదీ తనలాంటి పల్లెటూరివాణ్ణే. అంతలో మంచులోంచి ఇంజన్ల మోత. ఇందాక గుర్రం ఇవ్వనని పెనుగులాడిన అదే రైతు మరుక్షణం వాడి తుపాకి, కోటు గడ్డిలో దాయించి, నువ్వు మా ఇంటివాడివని పేరూ ఊరూ నేర్పించి తన ఊరికి తీసుకుపోతాడు. ఆ ఊరి పేరు పెరెఖోది. గొలుసు కొట్టం దాకా వచ్చింది.

పెరెఖోది: ఒక్కో అడుగు

దృశ్యం సుమారు అరగంట. దాన్ని భరించడం కష్టం, అయినా విడదీసి చూడాలి. ఎందుకంటే క్లీమోవ్ దాన్ని పిచ్చి ఆవేశంగా కాకుండా పనిగా తీశాడు.

ముందు చుట్టుముట్టడం. మంచులోంచి మనుషులు ఒక్కొక్కరే తేలతారు, హడావుడి ఉండదు. తర్వాత కాగితాల తనిఖీ పేరుతో జనాన్ని పోగుచేయడం. ఇది ఆపరేషన్‌కు అతి ముఖ్యమైన మెట్టు. చంపుతామని చెబితే జనం నలుదిక్కులా పరిగెత్తుతారు. తనిఖీ అని చెబితే పిల్లల చేతులు పట్టుకుని వాళ్లే నడిచి వస్తారు. ఇంట్లో బల్ల ముందు కూర్చుని పేర్లు సరిచూసుకుంటూ ఉన్నప్పుడు ఇంకా ఏదో ఒక నియమం నడుస్తోందన్న భ్రమ ఉంటుంది. ఫ్ల్యోరా కూడా నేర్చుకున్న పేరు తలుచుకుంటూ నిలబడతాడు. ఆ తర్వాత తోపులాట, కుక్కలు, లౌడ్‌స్పీకర్. చివరికి చెక్క కొట్టం. ఒక్కో మెట్టులో వెనక్కి తిరిగే చోటు కొంచెం కొంచెం తగ్గిపోతుంది. కొట్టం తలుపు మూసేసరికి ఇంక లేదు.

లోపల ఊపిరాడని గుంపు. కిటికీ దగ్గరికి ఒక అధికారి వచ్చి, పిల్లలు లేనివాళ్లు బయటికి రావొచ్చు, పిల్లల్ని లోపలే వదిలేయండి అంటాడు. ఎవరూ కదలరు. పిల్లలెవరూ లేని ఫ్ల్యోరా కిటికీ ఎక్కి బయటపడతాడు. బిడ్డతో బయటికి వచ్చిన ఒక తల్లి చేతిలోంచి బిడ్డను లాక్కుని లోపలికి విసిరేస్తారు, ఆమెను జుట్టు పట్టి ఈడ్చుకెళ్తారు. తర్వాత గ్రెనేడ్లు, ఫ్లేమ్‌త్రోయర్లు, మెషిన్‌గన్లు. లోపల ఏం జరుగుతోందో కెమెరా చూపించదు. కాలుతున్న గోడలు, చప్పట్లు కొట్టే సైనికులు, లోపలి నుంచి వచ్చే అరుపులు. బాధితుల ఒంటి మీద కెమెరా పెట్టి చూపించే వీలున్నా దర్శకుడు చంపేవాళ్ల ముఖాల మీద పెట్టాడు. ఈ ఎంపిక వల్లనే ఈ దృశ్యం వినోదం కాలేకపోయింది.

చంపేవాళ్లు ఎవరన్నది కూడా గమనించాలి. యూనిఫారాలు కలగాపులగంగా ఉంటాయి. జర్మన్లతోపాటు రష్యన్, బెలారస్ మాటలు మాట్లాడే స్థానిక పోలీసులు చాలామంది ఉంటారు. ఖాతిన్‌ను తగలబెట్టినవాళ్లలో నాజీల ఎస్‌ఎస్ సేనకు చెందిన దిర్లెవాంగర్ దళంతోపాటు, జర్మన్ల కింద పనిచేసిన 118వ షుట్స్‌మాన్‌షాఫ్ట్ (సహాయక పోలీసు) బెటాలియన్ ఉంది, అందులో ఎక్కువమంది సోవియట్ పౌరులే. భుజం మీద దేవాంగపిల్లిని ఎక్కించుకుని తిరిగే వయసుమళ్లిన కమాండర్, తాగి ఊగేవాళ్లు, ఊరకే నిలబడి చూసేవాళ్లు, అందరూ ఆ పనిలో భాగస్తులే. ఒక ముసలావిడను మంచంతో సహా బయట వదిలేసి ఎగతాళి చేసి వెళ్తారు.

ఈ ఆపరేషన్ల లెక్క కాగితాల మీద ఎలా ఉండేదో తెలిస్తే దృశ్యం ఇంకా అర్థమవుతుంది. గెరిల్లాల ఏరివేత పేరుతో 1943 మే, జూన్ నెలల్లో జరిగిన ‘కోట్‌బుస్’ ఆపరేషన్ గురించి, బెలారస్‌లో జర్మన్ పౌర పాలన చూసిన విల్హెల్మ్ కూబే ఒక నివేదిక పంపాడు. చచ్చిన శత్రువులు 4,500. అనుమానితులుగా చంపినవాళ్లు 5,000. స్వాధీనమైన రైఫిళ్లు 492. ఇన్ని శవాలకు ఇన్ని తుపాకులే దొరికాయంటే, చచ్చినవాళ్లలో చాలామంది మామూలు రైతులే అయి ఉంటారని జర్మన్ అధికారులే తమ ఉత్తరాల్లో రాసుకున్నారు. యుద్ధం ముగిశాక నాజీ నేతలపై నురెంబర్గ్‌లో జరిగిన విచారణలో ఆ కాగితాలు సాక్ష్యమయ్యాయి. ఫ్ల్యోరా తవ్వి తీసిన ఒక్క తుపాకిని ఆ 492 పక్కన పెట్టి చూస్తే, సినిమా ఎవరి వైపు నుంచి లెక్క చెబుతోందో తెలుస్తుంది.

చెవి, ముఖం, కెమెరా

ఛాయాగ్రాహకుడు అలెక్సేయ్ రొదియోనోవ్ స్టెడీక్యామ్‌ను విరివిగా వాడాడు. కెమెరామన్ ఒంటికి కట్టుకుని నడిచే ఈ పరికరంలో స్ప్రింగుల చేయి కుదుపుల్ని మింగేస్తుంది. అప్పటికి అది వచ్చి పదేళ్లే. మామూలుగా దాన్ని అందమైన, తేలిపోయే కదలిక కోసం వాడతారు. ఇక్కడ అది మనిషి ఎత్తులో, మనిషి నడక వేగంతో, గుంపు మధ్యలోంచి వెళ్తుంది. చేతిలో పట్టుకున్న కెమెరా అయితే ఆ ఊగుడు వల్ల ఎవరో చిత్రీకరిస్తున్నారన్న గుర్తు మిగులుతుంది. స్టెడీక్యామ్ ఆ గుర్తు చెరిపేస్తుంది. చూస్తున్నవాడు అక్కడ నిలబడ్డ ఇంకో మనిషి అయిపోతాడు.

ఫ్రేమ్ 1.37:1, అంటే పాత టీవీ తెరలాగా దాదాపు చదరం. యుద్ధ సినిమాలు సాధారణంగా వెడల్పు తెర కోరుకుంటాయి, మైదానాలూ ట్యాంకులూ పట్టాలి కాబట్టి. చదరపు ఫ్రేమ్‌లో సరిగ్గా పట్టేది మనిషి ముఖం. పక్కన ఖాళీ మిగలదు, చూపు తప్పించుకునే చోటు ఉండదు. పైగా నటులు చాలాసార్లు నేరుగా లెన్స్‌లోకి చూస్తారు. సినిమా వ్యాకరణంలో అది చేయకూడని పని. కథ నడుస్తోందన్న మాయ తెగిపోతుందని భయం. ఇక్కడ తెగదు, ఎందుకంటే ఆ చూపు మనల్ని ఏదో అడుగుతున్నట్టే ఉంటుంది. గ్లాషాగా వేసిన ఓల్గా మిరోనోవా అడవిలో లెన్స్ వైపు చూస్తూ, ప్రేమించాలి, పిల్లల్ని కనాలి అని మాట్లాడే షాట్ మొదటిసారి చూసినప్పుడు అతిగా అనిపించవచ్చు. పెరెఖోది తర్వాత, నోట్లో విజిల్‌తో, రక్తం ఓడుతూ ఒక అమ్మాయి వచ్చి నిలబడినప్పుడు ఫ్ల్యోరా అవే మాటలు గొణుగుతాడు. ఆ అమ్మాయి గ్లాషానా, ఆమెలా ఉన్న వేరే పిల్లా అన్నది సినిమా తేల్చదు. వాడికి తేడా లేకుండా పోయింది.

శబ్దం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. శిబిరం మీద బాంబులు పడ్డాక సౌండ్‌ట్రాక్ సన్నని కూతగా మారుతుంది. దాని కింద మాటలు నీళ్లలో మునిగినట్టు వినిపిస్తాయి, కొన్ని అసలు వినిపించవు. చెవి గూబ అదిరిన మనిషికి నిజంగా అంతే. ఈ పద్ధతిని తర్వాత ఎన్నో యుద్ధ సినిమాలు అందుకున్నాయి, అయితే వాటిలో ఎక్కువ భాగం కొన్ని సెకన్లు వాడి వదిలేస్తాయి. క్లీమోవ్ వదల్లేదు. కూత తగ్గినా పూర్తిగా పోదు, విమానం మోతలో, ఈగల రొదలో, ఎక్కడి నుంచో వచ్చే సంగీతపు తునకల్లో కలిసిపోతుంది. ఫ్ల్యోరా ఎందుకు ఎదుటివాళ్ల మాటకు ఆలస్యంగా స్పందిస్తాడో, ఎందుకు గ్లాషా అరుపు వినిపించుకోడో దీన్నిబట్టే అర్థం చేసుకోవాలి. ఇంట్లో చూసేవాళ్లు టీవీ స్పీకర్లతో సరిపెట్టుకుంటే సినిమాలో సగం పోయినట్టే. మంచి హెడ్‌ఫోన్లు తప్పనిసరి.

ముఖం మార్పు కూడా లెక్కగా జరిగింది. అలెక్సేయ్ క్రావ్చెంకో అప్పటికి నటుడు కాదు, పద్నాలుగేళ్ల ప్రాయం. షూటింగ్ తొమ్మిది నెలలు, కథ వరసలోనే సాగింది. ఖర్చు పెరిగే పద్ధతి ఇది. మామూలుగా ఒక లొకేషన్‌లోని సీన్లన్నీ ఒకేసారి తీసి ముందుకు పోతారు. వరసగా తీయడం వల్ల కుర్రాడి అలసట, సన్నబడ్డ ముఖం, గట్టిపడ్డ చూపు దృశ్యాల మధ్య తారుమారు కాలేదు. వాటి మీద మేకప్ పొరలు: పగిలిన పెదాలు, నుదుటి మీద ముడతలు, నెరిసిన జుట్టు. మొదటి సీన్లో ఇసకలో నవ్వే పిల్లవాడూ, చివరి సీన్లో ముసలివాడిలా ఉన్నవాడూ ఒక్కడే అని నమ్మడానికి కష్టపడాలి. కొన్ని దృశ్యాల్లో నిజమైన తూటాలు వాడారని, అవి తల మీదుగా వెళ్లాయని క్రావ్చెంకో తర్వాత ఇంటర్వ్యూల్లో చెప్పాడు. ఒక పిల్లవాడితో అలా పనిచేయడం, జంతువును అలా వాడడం ఈ రోజు ఏ సెట్ మీదా అంగీకరించకూడనివే. సినిమా గొప్పదైనంత మాత్రాన ఆ పద్ధతి సరైనది కాదు.

రెండు ఫొటోలు, ఒక పటం

సినిమాలో రెండు గ్రూప్ ఫొటోలు ఉన్నాయి. మొదటిది గెరిల్లా శిబిరంలో, దళమంతా కుదురుగా నిలబడి తీయించుకునేది. రెండోది పెరెఖోదిలో. కొట్టం కాలుతుంటే సైనికులు ఫ్ల్యోరాను మోకాళ్ల మీద కూర్చోబెట్టి, వాడి కణతకు పిస్తోలు ఆనించి కెమెరా వైపు చూస్తారు. ఫొటో అయ్యాక వాణ్ణి కాల్చకుండానే వదిలేసి నడిచి వెళ్లిపోతారు. వాళ్లకు కావలసింది ఫొటోయే. తూర్పు రంగంలో జర్మన్ సైనికులు ఇలాంటి ఫొటోలు తీసుకుని ఇళ్లకు పంపుకోవడం చరిత్రలో నమోదైన విషయమే. ఒకే కుర్రాడు, రెండు కెమెరాలు. వాడి రెండు జీవితాలనూ క్లీమోవ్ ఈ రెండు ఫొటోల మధ్య పెట్టాడు.

తర్వాత దళం మాటు వేసి కొందర్ని పట్టుకుంటుంది. ముసలి కమాండర్ తనకేమీ తెలియదని, ఎవరికీ హాని చేయలేదని దుబాసీ ద్వారా వేడుకుంటాడు. యువ అధికారి మాత్రం తల ఎత్తి, కొన్ని జాతులకు భవిష్యత్తు ఉండకూడదని, అన్నిటికీ మూలం పిల్లల దగ్గరే అని చెప్తాడు. దళం వాళ్లు బందీల మీద పెట్రోలు పోయిస్తారు, కానీ నిప్పు అంటించేలోపే తుపాకులు పేలతాయి. గుంపులో ఎవరో ఆగలేకపోయారు. కాల్చి చంపడం ఇక్కడ దయలాగా కనిపించడం, యుద్ధం మనుషుల్ని ఎక్కడికి తెచ్చిందో చెప్తుంది.

ఆ పైన హిట్లర్ పటం. ఫ్ల్యోరా కాల్చిన ప్రతిసారీ వార్తా చిత్రాలు వెనక్కి నడుస్తాయి. శవాలు, నగరాలు, ఊరేగింపులు, మొదటి ప్రపంచ యుద్ధం, బడి ఫొటో. చివరికి తల్లి ఒడిలో పసివాడు. అక్కడ వాడు ఆగిపోతాడు. యువ అధికారి మాటకు ఇది నేరుగా జవాబు. మూలం పిల్లల దగ్గరే ఉంది కాబట్టి పిల్లల్ని చంపాలన్నది ఆ అధికారి తర్కం. అదే తర్కంతో ఈ పసివాణ్ణి చంపే అవకాశం ఇచ్చినా ఫ్ల్యోరా తీసుకోలేదు. ఈ వరస కొంచెం పాఠంలా ఉంటుందని, అంతదాకా ఉన్న ప్రత్యక్ష అనుభవం ఇక్కడ ఎడిటింగ్ బల్ల మీది వాదనగా మారుతుందని అభ్యంతరం చెప్పవచ్చు. ఆ అభ్యంతరంలో నిజం ఉంది. అధికారి ప్రసంగం కూడా అవసరానికి మించి విడమరిచినదే. అయినా, పేలకుండా ఆపిన తుపాకి చివరికి పేలి, మళ్లీ తనంతట తానే ఆగడం కథకు కావాల్సిన లెక్క. ఆ పసివాడి దగ్గర ఆగకపోతే సినిమా మొత్తం మామూలు పగ కథ అయ్యేది.

చివర తెర మీద అక్షరాలు: బెలారస్‌లో 628 ఊళ్లను జనంతో సహా తగలబెట్టారు. చనిపోయినవాళ్ల కోసం మోజార్ట్ కూర్చిన ప్రార్థనా సంగీతం ‘రెక్వియమ్’ వినిపిస్తుండగా ఫ్ల్యోరా అడవిలోకి నడిచే దళంలో కలిసిపోతాడు.

సినిమా బయటికి రావడానికి పట్టిన కాలం

క్లీమోవ్ దీన్ని 1977లోనే మొదలుపెట్టాలనుకున్నాడు. అప్పటి పేరు ‘హిట్లర్‌ను చంపు’. ఎవరిలో వాళ్లు ఉన్న హిట్లర్‌ను చంపుకోవడమే తన ఉద్దేశమని తర్వాత చెప్పాడు. సోవియట్ సినిమా నియంత్రణ సంస్థ గోస్‌కినో స్క్రిప్టును ఆపింది. వికారాన్ని సొంపుగా చూపిస్తున్నారని, వీరత్వం లేదని అభ్యంతరం. 1979లో క్లీమోవ్ భార్య, దర్శకురాలు లరీసా షెపిత్కో, షూటింగ్ కోసం వెళ్తూ కారు ప్రమాదంలో చనిపోయింది. బెలారస్ గెరిల్లాల మీదే ఆమె తీసిన ‘ది అసెంట్’ 1977లో బెర్లిన్ చలనచిత్రోత్సవంలో గోల్డెన్ బేర్ బహుమతి గెలిచింది. ఈ రెండు సినిమాలూ వెంటవెంటనే చూడదగ్గవి: అది మంచులో ఇద్దరి నైతిక పరీక్ష, ఇది బురదలో ఊరి మొత్తం పరీక్ష. జర్మనీ మీద సోవియట్ విజయానికి 40 ఏళ్లు నిండే సందర్భం దగ్గరపడ్డాకే ‘కమ్ అండ్ సీ’కి అనుమతి దొరికింది. 1985లో మాస్కో చలనచిత్రోత్సవంలో అత్యున్నత బహుమతి వచ్చింది. ఆ తర్వాత క్లీమోవ్ సోవియట్ సినిమా కళాకారుల సంఘానికి నాయకుడై, పెట్టెల్లో మూలుగుతున్న నిషేధిత చిత్రాల్ని బయటికి తెప్పించాడు. 2003లో చనిపోయేదాకా ఇంకో సినిమా మాత్రం తీయలేదు.

కొత్తగా చూసేవాళ్లు 2017లో పునరుద్ధరించిన ప్రతిని వెతుక్కోవాలి. పాత ప్రతుల్లో రంగు పచ్చగా మసకబారి, మంచు సీన్లు బూడిద ముద్దల్లా ఉంటాయి. పిల్లల ముందు పెట్టే సినిమా కాదు. చిన్న పిల్లలున్న తల్లిదండ్రులకు కొట్టం దృశ్యం మరీ కష్టం. మధ్యలో ఆపి మర్నాడు కొనసాగించాలనుకుంటే మాత్రం ఊబి దాటాక ఆపండి, పెరెఖోది మధ్యలో ఆపితే ఆ వరస తెగి అది ఉత్త క్రూరత్వంగా మిగులుతుంది.

సినిమాలో లేనివీ ఉన్నాయి. బెలారస్ యూదుల మారణకాండ ఇందులో ప్రధాన విషయం కాదు, దానికి వేరే పుస్తకాలు చదవాలి. గెరిల్లా దళాలు పల్లె జనం మీద చేసిన బలవంతాలు ఆవు, గుర్రం దృశ్యాలకే పరిమితం. కానీ ఒక విషయంలో ఈ సినిమా అప్పటి ప్రభుత్వం కంటే ముందు నడిచింది. ఖాతిన్‌లో 1969లో కట్టిన స్మారకం దగ్గర కాలిన 26 ఇళ్లకు గుర్తుగా 26 పొగగొట్టాలు నిలబెట్టి, వాటికి గంటలు కట్టారు. తగలబెట్టినవాళ్లలో సోవియట్ పౌరులూ ఉన్నారన్న మాట మాత్రం ఏళ్ల తరబడి అధికారికంగా వినిపించలేదు. 118వ బెటాలియన్ అధికారి గ్రిగొరీ వస్యూరాపై మిన్స్క్‌లో విచారణ జరిగింది 1986 చివర్లో, సినిమా విడుదలయ్యాక. మరుసటి ఏడాది మరణశిక్ష అమలైంది. పత్రికల్లో దాన్ని రానివ్వలేదు. అప్పటికే సోవియట్ థియేటర్లలో కోట్లమంది ప్రేక్షకులు పెరెఖోది కొట్టం చుట్టూ నిలబడి తమ భాషే మాట్లాడుతున్న ఆ పోలీసులను చూసేశారు.